పాపం దొరకని అంకయ్య

అనగా అనగా అని మొదలెట్టేవాళ్ళు ఉన్నంత కాలం, ఊఁ కొట్టేవాళ్ళూ ఉంటారు. మీరు ఊఁ కొడుతూ ఉండండి, కథ దానంతట అదే నడుస్తుంది.

రాళ్ళదిన్నె అని ఒక ఊరు. పేరుకు తగ్గట్టే, పారతో ఒక దెబ్బ వేస్తే మన్ను, రెండో దెబ్బకి రాయి. ఆ ఊళ్ళో నీళ్ళు పాతాళంలో ఉండేవి. బావిలోకి తొంగి చూస్తే నీ మొహం నీకు చింతగింజంత కనపడేది. అంత లోతు బావులు గనక చేంతాడు తెగడం, చేద మునగడం, బిందె జారడం రోజూ ఉండే భాగోతమే. బిందె పడ్డదంటే ఆడవాళ్ళు అరిచే పేరు ఒక్కటే.

"అంకయ్యో!"

అంకయ్య వచ్చేవాడు. చేతిలో గాలం ఉండేది. నాలుగు ఇనుప కొక్కేలు వెన్నుకి వెన్ను ఆనించి కట్టిన గాలం, పాతాళభేది అంటారే, అది. దానికి తాడు కట్టి బావిలోకి వదిలి, కళ్ళు మూసుకుని, మెల్లగా కెలికేవాడు. "ఊఁ... ఇత్తడిదే." "ఊఁ... పక్కకి ఒరిగి పడుకుంది." "ఊఁ... తగిలింది." అంతే, మూడు ఊఁలకి బిందె గట్టున ఉండేది.

పని అయ్యాక మజ్జిగ ఇస్తే వద్దు. జొన్నలు ఇస్తే వద్దు. పోనీ ఒక తమలపాకు వేసుకో అంటే అదీ వద్దు. "ఇచ్చే చెయ్యి పైన ఉండాల, పుచ్చుకునే చెయ్యి కిందుంటది" అని గాలం భుజాన వేసుకుని వెళ్ళిపోయేవాడు. మజ్జిగ చెంబు పట్టుకున్న ఆవిడ అట్టాగే నిలబడిపోయేది. ఆయన మలుపు తిరిగాక ఊరంతా అనుకునే మాట ఒక్కటే.

"అంకయ్య లాంటోడు లేడు."

ఆ రోజుల్లోనే ఆ ఊరికి యేసయ్య సంగతి వచ్చింది. జకరయ్య పంతులుగారని ఒకాయన వచ్చి, తాటాకు పాక వేసి, పగలు పిల్లలకి అక్షరాలు, సాయంత్రం పెద్దలకి వాక్యం చెప్పేవాడు. అంకయ్య భార్య కరుణమ్మ ముందటేడే బాప్తిస్మం తీసుకుంది. ప్రభువు బల్ల అని రొట్టె పంచే రోజున ఆమె లోపల చాప మీద కూర్చునేది. బాప్తిస్మం లేనివాళ్ళకి ఆ రొట్టె ఇవ్వరు గనక అంకయ్య గడప బయట చెప్పుల దగ్గర కూర్చునేవాడు. లోపల ఆమె నోట్లో రొట్టె ముక్క కరుగుతుంటే, బయట ఈయన అందరి చెప్పులూ జతలు జతలుగా సర్దేవాడు.

ఏడాది పాటు చెప్పులు సర్ది సర్ది ఆయనకి మనసు లాగింది. నేనూ లోపలికి పోవాలి, నా కరుణమ్మ పక్కన కూర్చోవాలి, అదే రొట్టె తినాలి. బాప్తిస్మాలు ఇచ్చే పెద్దయ్యగారు ఏడాదికి ఒక్కసారి, కోతలయ్యాక, ఎద్దుబండి మీద వచ్చేవాడు. ఆ ఏడు బుధవారం సాయంత్రం బండి ఊళ్ళోకి దిగింది. ఆదివారం కుంటలో బాప్తిస్మాలు. సోమవారం బండి తిరిగి వెళ్ళిపోద్ది. అంకయ్యకి అప్పటికే అరవై దాటాయి, పొద్దున లేస్తే దగ్గు. వచ్చే ఏటి బండికి తను ఉంటాడో లేదో.

పంతులుగారు అన్నాడు: "అంకయ్యా, చాలా సంతోషం. నీళ్ళలో దిగే ముందు సంఘం ఎదుట నిలబడి రెండు ముక్కలు చెప్పాలి. నా పాపం ఇది. నన్ను రక్షించేవాడు ఈయన. అంతే."

"రెండో ముక్క నాకు నోటికి వచ్చండీ."

"మొదటిది?"

అంకయ్య ఆలోచించాడు. తల గోక్కున్నాడు. ఆకాశం చూశాడు, నేల చూశాడు, తన కాలి గోళ్ళు చూసుకున్నాడు.

"ఏం కనపడట్లేదండీ."

పంతులుగారు నవ్వలేదు. "పాపం లేనివాడు భూమ్మీద లేడయ్యా. బాగా వెతుక్కో. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకో, అబద్ధం చెప్పకూడదు."

ఇంటికొచ్చి కరుణమ్మతో చెప్పాడు. ఆమె రోట్లో పచ్చడి నూరుతూ ఉంది. పకపకా నవ్వింది.

"నీ పాపం నాకు తెలుసయ్యా. ముప్పై ఏళ్ళ నుంచి తెలుసు."

"మరి చెప్పవే! ఆదివారం చెప్పుకుంటా."

"నేను చెప్తే అది నా సాక్ష్యమవుద్ది. నీది నువ్వే చూసుకో" అని మళ్ళీ పచ్చట్లో పడింది.

అంకయ్య చాలాసేపు కూర్చుని ఒక దారి కనిపెట్టాడు. లేని పాపం ఉందని చెప్తే అబద్ధం. మరి చేసి చెప్తే? చేసి చెప్తే నిజమే గదా! చేతిలో ఇంకా మూడు రోజులున్నాయి. ఒక్క పాపం చెయ్యడానికి మూడు రోజులు చాలవా?

గురువారం పొద్దున్నే దోసపాదుల సంగయ్య ఇంటికి వెళ్ళాడు. సంగయ్య ఎవరంటే, ఆ చుట్టుపక్కల ఏ తోటలో ఏ కాయ ఎప్పుడు పండుద్దో తోట యజమానుల కంటే ముందు తెలిసినవాడు.

"సంగయ్యా, దొంగతనం ఎట్టా చేస్తార్రా?"

సంగయ్య అదిరిపడ్డాడు. "ఎవరు చెప్పారు బాబాయ్? నేను ఆ పొట్లకాయ ముట్టనే లేదు!"

"నిన్ను అడగట్లేదురా, నాక్కావాల." విషయమంతా చెప్పాడు. సంగయ్య మొహం పున్నమి చంద్రుడయింది. ఇన్నాళ్ళకి తన విద్యకి ఒక శిష్యుడు దొరికాడు మరి.

"అయితే విను బాబాయ్. మిట్టమధ్యాహ్నం. కాపలావోడు తిని పడుకుంటాడు. తూర్పు పక్క కంచెలో కంత ఉంది. వంగు, దూరు, గుమ్మడికాయ తుంచు, తువ్వాల్లో చుట్టు. మీ మనవణ్ణి చంకనేసుకున్నట్టు నడిచి రా. వెనక్కి మాత్రం చూడబాక."

అంకయ్య మిట్టమధ్యాహ్నం వెళ్ళాడు. కంత ఉంది. వంగాడు. దూరాడు. లోపల చూస్తే తనకంటే ముందే ఒక ఆవు దూరి గుమ్మడి పాదుల్ని నమిలేస్తోంది. "హై! హై!" అని దాన్ని అవతలికి తోలాడు. మళ్ళీ వస్తుందేమోనని కంప కొట్టుకొచ్చి కంత పూడ్చాడు. తొక్కిన పాదుల్ని ఎత్తి మళ్ళీ పందిరికి పాకించాడు. ఈ సందడికి కాపలావాడు లేచాడు. కళ్ళు నులుముకుని చూశాడు, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"పెద్దోడివి, ఎర్రటెండలో నా తోట కాపాడావా! ఇదుగో, ఈ గుమ్మడికాయ తీసుకుపో."

దొంగిలించడానికి వచ్చినవాడికి కాయ చేతిలో పెడితే ఏమన్నాడో తెలుసా? "వద్దు వద్దు" అన్నాడు! వచ్చేశాడు. వెనక నుంచి వినపడింది: "అంకయ్య లాంటోడు లేడు."

ఒక రోజు పోయింది.

శుక్రవారం మాణిక్యమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఆమె నోరు తెరిస్తే వాకిట్లో కాకులు కూడా పక్కూరికి పోయేవి. కోపం రానక్కర్లేదు, ఊరికే గొంతు సాఫుగా ఉంటుందని తిట్టేది.

"చెల్లే, తిట్టడం నేర్పిస్తావా?"

"అయ్యో అన్నా, అదేమన్నా బ్రహ్మవిద్యా! ముందు చెయ్యి నడుం మీద పెట్టు. అట్టా కాదు, ఎడమ చెయ్యి. కుడి చెయ్యి గాల్లో ఆడాల. ఇప్పుడు అను, నీ కొంప కూల!"

"నీ కొంప కూల" అన్నాడు అంకయ్య, చంటిబిడ్డని జోకొడుతున్నట్టు.

"థూ! నువ్వు తిడుతున్నావా, కుశలం అడుగుతున్నావా? పళ్ళు కొరుకు! నా అత్తగారనుకో నన్ను!"

పొద్దెక్కేదాకా సాధన చేయించింది. తిట్టడానికి మనిషి కూడా తగినవాడే దొరికాడు. బండి తోలే రోశయ్య, మొన్ననే అంకయ్య ఆరబోసిన మిరపకాయల మీదుగా బండి పోనిచ్చాడు. అంకయ్య వాడి గుమ్మం ముందు నిలబడి, ఎడమ చెయ్యి నడుం మీద పెట్టి, కుడి చెయ్యి గాల్లో ఆడించాడు.

"ఒరే రోశయ్యా! నీ కొంప..."

"ఏం మామా, మా కొంపకేమైంది?" అని వాడు బయటికొచ్చాడు. చంకలో పసిబిడ్డ. అంకయ్య కళ్ళు ఇంటికప్పు మీద పడ్డాయి. సగం తాటాకు ఎగిరిపోయి ఉంది.

"నీ కొంప... కారుద్ది గదరా ముసురొస్తే! పసిబిడ్డనేసుకుని ఎట్టా ఉంటన్నావురా? ఉండు, నా దొడ్లో ఆకు ఉంది."

సాయంత్రానికి కప్పు వేసి దిగాడు. రోశయ్య భార్య వేడివేడి సంకటి తెచ్చింది. వద్దన్నాడు. వెనక నుంచి వినపడింది: "అంకయ్య లాంటోడు లేడు."

రెండు రోజులు పోయాయి.

శనివారం పేరయ్య దగ్గరికి వెళ్ళాడు. పేరయ్యకి కల్లుపాకే ఇల్లు. సొంత ఇంటికి చుట్టపుచూపుగా వెళ్ళేవాడు. "ఆ మాత్రం భాగ్యానికేనా మామా, రా, కూర్చో!" అని ముంత నింపి పెట్టాడు. అంకయ్య ముక్కు మూసుకుని నోటి దాకా ఎత్తాడు. అంతలో పేరయ్య ఏడవడం మొదలుపెట్టాడు. "నన్ను మా ఆవిడ కూడా మనిషిలాగా చూడదు మామా. అసలు నేను మనిషినేనా?" అంకయ్య ముంత కింద పెట్టి వాడి మాట విన్నాడు. వింటూనే ఉన్నాడు. ముంతలో కల్లు మీద ఈగలు వాలాయి. పొద్దువాలే వేళకి పేరయ్య ఒరిగిపోతే, భుజాన వేసుకుని ఇంటికి మోసుకెళ్ళి, కాళ్ళు కడిగి మంచం మీద పడుకోబెట్టాడు. పేరయ్య భార్య గుమ్మంలో నిలబడి చేతులు జోడించింది.

"నీ లాంటోడు లేడు పెదనాయనా."

మూడు రోజులూ పోయాయి.

ఇంటికి నడుస్తూ అంకయ్య దిగులుపడ్డాడు. రేపు సంఘం ఎదుట ఏం చెప్పాలి? మళ్ళీ ఏడాది చెప్పులు సర్దుకోవడమేనా? కానీ, నిజం చెప్పుకోవాలి, ఆ దిగులు అడుగున నాలుక కింద బెల్లం ముక్క కరుగుతున్నట్టు ఏదో ఒక తీపి. మూడు రోజులు ప్రయత్నించినా నా చేత పాపం కాలేదే! నా లాంటోడు నిజంగానే లేడేమో!

ఆదివారం వచ్చింది. అంకయ్య తెల్లగా ఉతికిన పంచె కట్టాడు. కుంట గట్టున గంట మూడుసార్లు కొడతారు. మొదటి గంటకి జనం చేరాలి, రెండో గంటకి పాట ఎత్తుకోవాలి, మూడో గంటకి నీళ్ళలో దిగాలి. కరుణమ్మ ముందే వెళ్ళింది. మొదటి గంట వినపడగానే అంకయ్యా బయలుదేరాడు. నాలుగు అడుగులు వేశాడో లేదో...

"అంకన్నో! నా బిందె!"

మాణిక్యమ్మ. బావి దగ్గర. అంకయ్య ఆగుతాడా? గాలం తెచ్చి బావి గట్టెక్కాడు. గట్టంతా ఆమె ఒలకబోసిన నీళ్ళు. కాలు పెట్టాడు. జారాడు. గాలం పైన ఉండిపోయింది, మనిషి లోపలికి పోయాడు.

దభేల్!

ఎండాకాలపు నీళ్ళు గనక రొమ్ముల దాకానే ఉన్నాయి. ఎముక విరగలేదు. కాలి కింద మాణిక్యమ్మ బిందె తగిలింది కూడా. పైకి చూస్తే ఆకాశం పళ్ళెమంత.

మాణిక్యమ్మ పెట్టిన కేకకి ఊరు దద్దరిల్లింది. కానీ ఊళ్ళో ఎవరున్నారు? బుద్ధిమంతులంతా కుంట దగ్గర పాట పాడుతున్నారు. మాణిక్యమ్మ కాక గుడికి పోనివాళ్ళు ఇద్దరే మిగిలారు. ఎవరి పెరట్లోంచో సంగయ్య వచ్చాడు. మంచం మీద నుంచి పేరయ్య వచ్చాడు, తల పట్టుకుని.

"బాబాయ్! బతికే ఉన్నావా?"

"ఆఁ, ఉన్నా, ఉన్నా."

"చేంతాడు వదుల్తాం, పట్టుకో! ముగ్గురం లాగుతాం!"

"వద్దురా, మీకెందుకు శ్రమ. నేనే ఎక్కొస్తా."

రాళ్ళ సందులో వేళ్ళు దూర్చి ఎక్కాడు. పాచి. మూడు రాళ్ళు ఎక్కి దబ్బున జారాడు. "మీకెందుకు శ్రమ" అని మళ్ళీ ఎక్కాడు. ఐదు రాళ్ళు ఎక్కి దబ్బున జారాడు. కుంట దగ్గర రెండో గంట మోగింది. మూడోసారి పళ్ళు బిగించి, "నేనే, నేనే" అనుకుంటూ ఏడు రాళ్ళు ఎక్కాడు. ఈసారి దబ్బున జారడమే కాకుండా నోట్లోకి నీళ్ళు కూడా పోయాయి.

"ఓరి నీ మొండితనం తగలెయ్య!" అంది మాణిక్యమ్మ పైనుంచి. "తాడు పట్టుకో అన్నా! నీ పెళ్ళాం గట్టున నిలబడి నీ కోసం చూస్తంటది!"

"నేను ఊరందరి బిందెలు తీసినోణ్ణి. నన్ను మీరు తియ్యడమేందే!"

అప్పుడు పేరయ్య, తల పగిలిపోతుంటే గట్టు మీద గడ్డం ఆనించి, లోపలికి వంగి అడిగాడు.

"మామా, ఇన్నేళ్ళలో ఇన్ని బిందెలు తీశావు గదా. ఏ బిందైనా నీతో 'నీకెందుకు శ్రమ' అన్నదా?"



అంకయ్య నీళ్ళలో నిలబడి ఆలోచించాడు. ఎప్పుడూ ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు. మజ్జిగ చెంబుతో నిలబడిపోయిన ముఖాలు ఒక్కొక్కటే కనపడ్డాయి. గుమ్మడికాయ రెండు చేతుల్తో పట్టుకుని నిలబడ్డ కాపలావాడు కనపడ్డాడు. సంకటి మూకుడు చల్లారిపోతుంటే తల దించుకున్న రోశయ్య భార్య కనపడింది. నేను అందరికీ చేసేవాణ్ణి, నాకు ఎవ్వడూ చెయ్యకూడదు. నేను ఎవ్వరికీ కిందుండకూడదు. ఆఖరికి యేసయ్య దగ్గరికి కూడా ఉత్త చేతుల్తో పోకూడదని, పాపాన్ని కూడా తనే సంపాయించి పట్టుకుపోవాలని మూడు రోజులు ఊరంతా తిరిగాడు!

ముందు సిగ్గేసింది. తరవాత ఏడుపొచ్చింది. ఆ తరవాత, రొమ్ముల్లోతు నీళ్ళలో, నవ్వొచ్చింది. ఎంత నవ్వొచ్చిందంటే బావిలో పావురాలన్నీ లేచిపోయాయి.

"దొరికింది!" అని కేక పెట్టాడు. "దొరికిందే చెల్లే, దొరికింది!"

"బిందా?"

"బిందె కాదే, నా పాపం! ఎంత పెద్దదో! నా అంత ఉంది!" అని రెండు చేతులూ పైకెత్తాడు. "లాగండయ్యా! నా వల్ల కాదు! లాగండి!"

తాడు దిగింది. ఈలోగా మాణిక్యమ్మ ఇంట్లోంచి తెచ్చిన ఊయల పీట దానికి కట్టి ఉంది. అంకయ్య కూర్చున్నాడు. ఒళ్ళో బిందె పెట్టుకున్నాడు, ఎంతైనా పాత అలవాటు. ఊరికి దొంగ, ఊరికి గయ్యాళి, ఊరికి తాగుబోతు, ముగ్గురూ కాళ్ళు తన్నిపెట్టి లాగారు. "గుమ్మడికాయ కంటే బరువున్నావు బాబాయ్" అని సంగయ్య. "మాట్లాడబాకు, లాగు, నీ చేతులు పడ" అని మాణిక్యమ్మ. పైకి రాగానే అంకయ్య ముగ్గుర్నీ కలిపి ఒక్కసారే కావలించుకున్నాడు. ముగ్గురూ తడిసిపోయారు.

నలుగురూ పరిగెత్తారు. పంచె బురద, తల నిండా పాచి. కుంట గట్టు ఎక్కేసరికి గంట కొట్టేవాడి చెయ్యి పైకి లేచి ఉంది. జనం దారి ఇచ్చారు. పెద్దయ్యగారు అప్పటికే నడుం లోతులో నిలబడ్డాడు. అంకయ్యని పైనుంచి కిందికి చూసి అన్నాడు:

"ఏం నాయనా, నేను ముంచకముందే మునిగొచ్చావే?"

"అయ్యా, అక్కడ మునిగితే లేపడానికి ముగ్గురు కావాల్సి వచ్చింది. ఇక్కడ లేపేవాడు ఒక్కడే చాలు."

సంఘం వైపు తిరిగాడు. నీళ్ళు కారుతూ ఉన్నాయి.

"నా పాపం ఇది. నేను మంచోణ్ణి, నాకు ఎవరితోనూ పనిలేదు అనుకున్నా. దేవుడితో కూడా పనిలేకుండా బతికా, ఆయనకి సాయం చేస్తన్నట్టు బతికా. నన్ను రక్షించేవాడు ఈయన. ఆయన తాడు వదిలి ఎప్పట్నుంచో లాగుతానంటన్నాడు. నేనే 'నీకెందుకు శ్రమ' అంటన్నా."

కరుణమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతూ ఏడుస్తూ, "అమ్మయ్య, ముప్పై ఏళ్ళకి తెల్సుకున్నాడు" అంది. గట్టంతా గొల్లుమంది. మూడో గంట మోగింది.

"కొత్త పేరు ఏం పెట్టుకుంటావు?" అని పెద్దయ్యగారు అడిగాడు.

"మీరిచ్చింది పుచ్చుకుంటా."

కృపాదానం అని పెట్టారు. ఊళ్ళో వాళ్ళు దానయ్య అని పిలుచుకున్నారు. ఆ మధ్యాహ్నం గడప లోపల, కరుణమ్మ పక్కన, చాప మీద కూర్చుని రొట్టె తిన్నాడు. బయటికి రాగానే మాణిక్యమ్మ మజ్జిగ చెంబు పట్టుకుని నిలబడి ఉంది, వద్దంటే ఏ తిట్టు తిట్టాలో ముందే సిద్ధం చేసుకుని. దానయ్య చెంబెత్తి గటగటా తాగేశాడు. "ఇంకో చెంబు ఉందా చెల్లే?" అన్నాడు. పాపం, సిద్ధం చేసుకున్న తిట్టు ఆమెకి వృథా పోయింది.

ఆ తరవాత దానయ్య మంచితనం మానేశాడా? మానలేదు. బిందెలు తీశాడు, కప్పులు వేశాడు. కాకపోతే పని అయ్యాక కూర్చునేవాడు, పెట్టింది తినేవాడు, పెట్టినవాళ్ళతో నవ్వేవాడు. "బిందె ఎంత మంచిదైనా నీళ్ళు మొయ్యడానికి పనికొస్తది గానీ, బావిలోంచి తనంతట తను ఎక్కి రావడానికి పనికిరాదు" అని పంతులుగారు వాక్యం చెప్పేటప్పుడు ఈయన పేరే తెచ్చేవాడు. వచ్చే ఏటి బండికి ఉంటానో లేదో అనుకున్న మనిషి తొమ్మిది బండ్లు చూశాడు. మరుసటేడు బండికే, తాడు లాగిన ఆ ముగ్గురూ నీళ్ళలో దిగారు. సంగయ్య సాక్ష్యం ఎంత పొడుగంటే మూడో గంట కొట్టేవాడు కునుకు తీశాడు.

దానయ్య పోయినప్పుడు మంచం మొయ్యడానికి ఊళ్ళో మగవాళ్ళంతా పోట్లాడుకున్నారు. ఆయన మాత్రం ముందే చెప్పి ఉంచాడు: "ఎవరు మోసినా సరే. నేను వద్దనను."

అది మొదలు రాళ్ళదిన్నెలో ఒక ఆచారం ఉంది. కోతల పండుగ నాడు ఆరాధన అయ్యాక, ఆ ఏడాది ఊళ్ళో అందరి కంటే మంచిపేరు తెచ్చుకున్న మనిషిని పట్టుకుంటారు. ఊయల పీట మీద కూర్చోబెట్టి, నడుముకి తాడు కట్టి, పాదాలు నీళ్ళకి తగిలేదాకా బావిలోకి దించుతారు. లాగేది ఎవరు? ఆ ఏడాది చెడ్డపేరు మోసినవాళ్ళు ముగ్గురు. వాళ్ళకి ఆ రోజు కొత్త తువ్వాళ్ళు కడతారు. ఒక్కటే కట్టుబాటు: లోపలున్న మనిషి నోరు తెరిచి అడగందే తాడు కదపకూడదు.

ఒక ఏడు పెద్ద బడి పంతులు దిగాడు. అడగడానికి నోరు రాక ఎక్కాల పుస్తకం అంతా మనసులో చదువుకున్నాడట. మొన్నటేడు నర్సు సలోమమ్మ దిగింది. ఊళ్ళో సగం మంది ఆమె చేతుల్లో పుట్టినవాళ్ళే. "నాకేం ఫర్వాలేదు, మీరు అన్నాలు తినండి, నేను తరవాత వస్తా" అని లోపల్నుంచి అంటూనే ఉంది. జనం గట్టు చుట్టూ చేరి ఎదురుచూశారు. పిల్లలకి ఆకలి. పైన తాడు పట్టుకున్న పేకాట దావీదు గాడు, "అమ్మా, చేతులు నొప్పి పుడతన్నాయి, అడుగు తల్లీ" అని బతిమాలాడు. చాలాసేపటికి బావిలోంచి ఒక నవ్వు వినపడింది. ఆ నవ్వు వెనకాలే కేక.

"లాగండయ్యా! నా వల్ల కాదు!"

ఊరు ఊరంతా ఒక్క గొంతుతో అరిచింది: "దొరికింది!"

ఆ అరుపు చెవిన పడితేనే, అక్కడ భోజనాల పందిట్లో, వంటవాళ్ళు గుండిగ మూత తీస్తారు.